నీరు కనిపించిన చోటు

భీమవరం పరిసరాల్లో చేపల చెరువులకు మేత పెట్టే పద్ధతి చాలామందికి తెలిసిందే. అడుగున చిల్లులు పొడిచిన సంచుల్లో తవుడు నింపి, చెరువులో పాతిన గుంజలకు వేలాడదీస్తారు. చేపలు ఆ చిల్లుల వద్దకు వచ్చి మేత తీసుకుంటాయి. ఆ సంచులను మోసుకుపోయేది చిన్న ఫైబర్ పడవ. మేము కౌలుకు చేస్తున్న చెరువులో అటువంటి పాత పడవ ఒకటి ఉంది.

గత సంవత్సరం రమజాన్‌కు ముందు ఆ పడవలోకి నీరు రాసాగింది. వెనుక భాగంలో నీరు నిలిచేది. అక్కడే అడుగున ఒక పొడవాటి గీత కనిపించింది. పడవ నడిపే పెద్దాయన దానిని గుంజకు కొట్టించి ఉంటాడని నేను తీర్మానించుకున్నాను. ఆయన కుమారుడి ఎదుటే, "ఏం బాబాయ్, కళ్లు మూసుకుని నడుపుతున్నావా?" అన్నాను. మరమ్మతుకైన 1,500 రూపాయలు ఆయన జీతంలో మినహాయించాను. ఆయన తల వంచుకుని, "నేను కొట్టించలేదండి, సాయిబు గారూ" అని మాత్రం అన్నాడు.

మరమ్మతు జరిగినా నీరు ఆగలేదు. వింతేమిటంటే, ఖాళీ పడవ రాత్రంతా నీటిలో ఉన్నా పొడిగానే ఉండేది. బస్తాలు వేస్తేనే నీరు చేరేది. చివరకు పడవను గట్టు మీదికి లాగించి, కింద ఇసుక బస్తాలు ఆనించి నిలబెట్టాము. వెలుపలి భాగాన్ని తుడిచి ఆరబెట్టి, పొడి ముగ్గు చల్లాము. తరువాత లోపల కొద్దికొద్దిగా నీరు పోయసాగాము. నేను అనుమానించిన వెనుక భాగంలో ముగ్గు చెదరలేదు. నీటిమట్టం మరో బెత్తెడు పెరిగాక, పడవ ముందు భాగంలో ముగ్గు మీద సన్నని తడి చార దిగింది.

అక్కడ ఒక ఇనుప కొక్కెం ఉంది. పడవను ఎవరైనా ఎత్తుకుపోతారేమోనన్న అనుమానంతో, గొలుసు వేయడానికి నాలుగేళ్ల కిందట చిల్లు పొడిచి దానిని బిగించింది నేనే. ఖాళీ పడవలో ఆ చిల్లు నీటికి పైన ఉంటుంది. బరువు పడితే మునుగుతుంది. అక్కడ చొరబడిన నీరు అడుగు చెక్కల కిందుగా పారి, మనిషి నిలబడే వెనుక వైపు పల్లానికి చేరుతోంది. నీరు కనిపించిన చోటు ఒకటి, ప్రవేశించిన చోటు మరొకటి.

కొక్కెం ఊడదీశాము. రెసిన్ తడి మీద పట్టదు కనుక మూడు రోజులు ఎండనిచ్చి, చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, లోపలా బయటా చిల్లు కన్నా వెడల్పుగా ఫైబర్ మ్యాట్ అతికించాము. పడవ బాగుపడింది.

నా పని మాత్రం మిగిలే ఉంది. అనుమానాలకు దూరంగా ఉండమని, కొన్ని అనుమానాలు పాపమని దివ్య ఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరా 12వ ఆయత్‌లో అల్లాహ్ మనలను హెచ్చరించాడు. ఆ సూరాను నేను ఎన్నిసార్లు పారాయణం చేశానో! అల్లాహ్ ముందు చేసే తౌబా ఒక్కటే ఇక్కడ సరిపోదు. తోటి మనిషి హక్కుకు భంగం కలిగినప్పుడు, అతనిది అతనికి తిరిగి ఇచ్చి, అతని క్షమాపణ పొందాలి.

సొమ్ము తీసుకుని ఆయన వద్దకు వెళ్లాను. ఆయన దానిని లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకుని, కాసేపు చెరువు వైపు చూశాడు.

"డబ్బుదేముందండి. మావాడి ముందు ఆ మాట అన్నారు. అది వాడు ఇంకా మరిచిపోలేదండి."

ఆ కుర్రవాడు చెరువు అవతలి గట్టున వల బాగుచేసుకుంటున్నాడు. పడవ ఎక్కి, ఆయననే నడపమని కోరాను. అవతలికి చేరాక ఆ కుమారుడి ఎదుట, తప్పు నాదేనని, మీ నాన్న చెప్పిందే నిజమని పలికాను. తిరుగు ప్రయాణంలో పడవ అడుగున చేయి పెట్టి చూశాను. పొడిగా ఉంది. అల్‌హమ్దులిల్లాహ్.