టెస్టులు ఎందుకు నత్తనడక నడిచాయంటే...

2023 నవంబర్లో మా టీమ్ ఒక పాత జాంగో అప్లికేషన్ని 2.2 నుంచి 4.2కి మార్చింది. 2.2కి సపోర్టు 2022 ఏప్రిల్లోనే ఆగిపోయింది కాబట్టి ఇక తప్పలేదు. రెండు వారాలనుకున్న పని మూడు వారాలు పట్టింది (అది మనకి మామూలేగా!). చివరికి టెస్టులన్నీ పాసయ్యాయి. స్వీట్లు కూడా తినేశాం.

మర్నాడు ఎవరో అడిగారు, "బిల్డ్ ఇంకా అవలేదేంటి?" అని. చూస్తే ఇదివరకు 12 నిమిషాల్లో అయిపోయే టెస్టులకి ఇప్పుడు 33 నిమిషాలు పడుతోంది.

వినటానికి చిన్న విషయమే. కానీ అరగంట పైన ఎవరాగుతారు చెప్పండి? రెండో రోజుకే "నా మెషీన్లో పనిచేస్తోంది, మెర్జ్ చేసేస్తున్నా" అనటం మొదలైంది. ఎవరూ రన్ చెయ్యని టెస్టులు ఉన్నా లేనట్టే.

నా అనుమానం ముందు ఒక మనిషి మీదకి పోయింది. కొత్తగా చేరిన ఒక కుర్రాడు అదే సమయంలో 140 టెస్టులు రాశాడు. మీటింగులో అందరి ముందూ "నీ టెస్టుల వల్లే అయ్యుంటుంది, చూసుకో" అనేశాను. కొలిచిందీ లేదు, చూసిందీ లేదు. పాపం, రాత్రి కూర్చుని తనవన్నీ పక్కనబెట్టి బిల్డ్ నడిపాడట. పొద్దున్నే వచ్చి మెల్లిగా చెప్పాడు: "అన్నా, నావి తీసేసినా 31 నిమిషాలు పడుతోంది."

సరే, అప్పుడన్నా బుద్ధి రావాలా? రాలేదు. ఈసారి డేటాబేస్ మీద పడ్డాను. జాంగో 4.2కి పోస్ట్‌గ్రెస్ 12 కానీ ఆ పైది కానీ ఉండాలి, అందుకని దాన్నీ మార్చాం. ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నా. ఒక రోజంతా క్వెరీ లాగులు తిరగేశాను. క్వెరీలు అవే, వాటికి పట్టే సమయమూ అంతే.

చివరికి ఆ కుర్రాడే పైటెస్ట్‌లో డ్యూరేషన్స్ ఆప్షన్ పెట్టి, అన్నిటికన్నా నెమ్మదైన 20 చోట్లు బయటికి తీశాడు. తమాషా ఏంటంటే ఆ ఇరవైలో అసలు టెస్టు ఒక్కటీ లేదు. అన్నీ టెస్టుకి ముందు నడిచే సెటప్‌లే! పైథాన్ ప్రొఫైలర్ పెట్టి చూస్తే పైవరసలో కనిపించింది పీబీకేడీఎఫ్2. అంటే పాస్‌వర్డ్ హ్యాషింగ్.

సంగతేంటంటే, జాంగో పాస్‌వర్డ్‌ని ఒక్కసారి హ్యాష్ చేసి ఊరుకోదు. అదే పనిని మళ్ళీ మళ్ళీ చేస్తుంది. 2012లో వచ్చిన 1.4లో ఈ పద్ధతి మొదలైనప్పుడు 10,000 సార్లు. 2.2లో 1,50,000. 4.2లో 6,00,000. 2025లో వచ్చిన 5.2లో 10,00,000. కావాలనే పెంచుతారు. డేటాబేస్ ఎవరైనా దొంగిలిస్తే, ఒక్కో పాస్‌వర్డ్‌నీ ఊహించి చూడటానికి వాడికి అంత ఖర్చవ్వాలి. మెషీన్ల వేగం పెరిగేకొద్దీ ఈ అంకె కూడా పెరగాలి. రిలీజ్ నోట్స్‌లో ఈ సంగతి ఒక్క వాక్యంలో ఉంది. నేను చదివాను కూడా. చదివి ముందుకెళ్ళిపోయాను.

మాకు సుమారు 2,000 టెస్టులు. ఒక్కోదాని సెటప్‌లో ఇద్దరు యూజర్లు, ఒక లాగిన్. అంటే 6,000 హ్యాషులు. మా బిల్డ్ సర్వర్లో ఒక్కోదానికి 0.07 సెకన్లు పట్టేది 0.28 అయింది. లెక్కేసుకోండి, 7 నిమిషాలు కాస్తా 28. పెరిగిన 21 నిమిషాలూ సరిగ్గా అవే.

మందు తేలికే, జాంగో డాక్యుమెంటేషన్లోనే ఉంది. టెస్ట్ సెటింగ్స్‌లో మాత్రం ఎండీ5 హ్యాషర్ పెట్టుకోమంటారు. హడావుడిలో నేనేం చేశానో తెలుసా? ఆ లైను తీసుకెళ్ళి అన్నిటికీ ఉమ్మడిగా ఉండే సెటింగ్స్ ఫైల్లో పెట్టాను. రివ్యూలో మళ్ళీ అదే కుర్రాడు: "అన్నా, ఇది ప్రొడక్షన్‌కి కూడా వెళ్తుంది కదా?"

వెళ్ళుంటే పాత హ్యాషులని గుర్తుపట్టేవాళ్ళు లేక ఒక్క యూజరూ లాగిన్ కాలేకపోయేవాడు. ఇంకా ఘోరం, ఎండీ5ని ముందుపెట్టి దాని వెనకాల పీబీకేడీఎఫ్2ని కూడా ఉంచి ఉంటే అన్నీ బాగానే పనిచేసేవి. కాకపోతే లాగినైన ప్రతివాడి పాస్‌వర్డూ చప్పుడు లేకుండా ఎండీ5లోకి మారిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. నా 21 నిమిషాల కోసం జనం ఇంటి తాళాలు ఊడదీసినట్టు అయ్యేది.

లైను చోటు మార్చాం. 33 కాస్తా 5 నిమిషాలయ్యింది. అంటే మేం "బాగానే ఉంది" అనుకున్న పాత 12లో కూడా 7 నిమిషాలు హ్యాషింగే తినేసేదన్నమాట! ఏళ్ళ తరబడి అలవాటైపోయి ఎవరం అడగలేదు. తర్వాత యూజర్లని క్లాసుకి ఒకసారే తయారుచేసేలా మారిస్తే ఇంకో నిమిషం తగ్గింది.

ఆ వారం మీటింగులో కారణమేంటో ఆ కుర్రాడి చేతే చెప్పించాను. ఏ మీటింగులో అన్నానో అదే మీటింగులో సారీ కూడా చెప్పాను. "పర్లేదన్నా" అన్నాడు గానీ, ఆ రాత్రి నిద్ర మానుకుని తన తప్పు లేదని నిరూపించుకోవాల్సి రావటం నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

మీ బిల్డ్ కూడా ఈమధ్య నెమ్మదించిందా? ఎవర్నైనా ఏదైనా అనేముందు ప్రొఫైలర్ ఒక్కసారి నడపండి. పది నిమిషాల పని.