సూటు వేసుకోని స్నేహితులు



బాబ్ డిలన్ పేరు క్యాంపస్ చర్చల్లో వచ్చినప్పుడల్లా ఒక మాట వింటుంటాను. "నోబెల్ ఇచ్చినా పట్టించుకోలేదు. ధిక్కారమంటే అదీ!" దాని వెనకాలే ఇంకో మాట వస్తుంది. "మనవాళ్ళేమో శాలువా కప్పితే చాలు, ఫోటోలు పెట్టేసుకుంటారు." ఆ రెండో మాట కోసమే ఇవాళ ఇది రాస్తున్నాను.

డిలన్‌కు వచ్చిన గౌరవాలు తక్కువేం కాదు. 1988లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్. 2001లో ఆస్కార్. 2008లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం. 2012లో అమెరికా అత్యున్నత పౌర పురస్కారం, ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్. ఇవిగాక గ్రామీలు. 2016 అక్టోబర్‌లో సాహిత్య నోబెల్ ప్రకటించారు. రెండు వారాల దాకా ఆయన ఉలకలేదు, పలకలేదు. డిసెంబర్ 10న సభకు వెళ్ళలేదు. పాటీ స్మిత్ వెళ్ళి ఆయన పాట పాడింది. 2017 ఏప్రిల్‌లో స్టాక్‌హోమ్‌లోనే కెమెరాలు లేకుండా పతకం తీసుకున్నాడు. జూన్‌లో నోబెల్ ఉపన్యాసం రికార్డు చేసి పంపాడు. ఆ ఉపన్యాసం ఇస్తేనే 80 లక్షల క్రోనర్ల నగదు చేతికొస్తుంది. అంటే ఆయన నోబెల్‌ను తిరస్కరించలేదు. సభకు పోలేదు, అంతే. ఆ రెంటికీ చాలా తేడా ఉంది.

డిలన్‌కు ముందు సాహిత్య నోబెల్ అందుకున్న అమెరికన్ ఎవరో తెలుసా? టోనీ మారిసన్. 1993లో. ఆ బహుమతి పొందిన మొదటి నల్లజాతి మహిళ. ఆమె స్టాక్‌హోమ్ వెళ్ళింది. వేదిక మీద నిలబడి ఉపన్యాసం ఇచ్చింది. 2012లో వైట్‌హౌస్‌లో ఒబామా డిలన్‌కు పతకం వేసిన రోజునే మారిసన్‌కూ వేశాడు. డిలన్ నల్ల కళ్ళద్దాలు తీయలేదు. ఆ అద్దాల గురించి అందరూ ముచ్చటగా చెప్పుకున్నారు.

మారిసన్ నోబెల్ సభ ఎగ్గొట్టి ఉంటే "ఎంత ధిక్కారం" అనేవాళ్ళా, "ఎంత పొగరు" అనేవాళ్ళా? మన అనుభవం నుంచి ఆలోచించండి.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. 1963 ఆగస్టు 28, వాషింగ్టన్ మహా ప్రదర్శన. మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడిన వేదిక మీదే 22 ఏళ్ళ డిలన్ పాడాడు. జూన్‌లో హత్యకు గురైన మెడ్గర్ ఎవర్స్ గురించిన పాట అది. అంతకుముందు నెలలో మిసిసిపీలోని గ్రీన్‌వుడ్ వెళ్ళి, నల్లవాళ్ళ ఓటు హక్కు కోసం పనిచేస్తున్న ఎస్‌ఎన్‌సీసీ యువకుల సభలో పాడి వచ్చాడు. ఆ ధైర్యాన్ని నేను తక్కువ చేయను.

అదే ఏడాది డిసెంబర్‌లో న్యూయార్క్‌లో ఒక పౌరహక్కుల సంఘం ఆయనకు టామ్ పెయిన్ అవార్డు ఇచ్చింది. ఎస్‌ఎన్‌సీసీ తరఫున కూడా దాన్ని అందుకుంటున్నానన్నాడు. కానీ ఆ ప్రసంగంలోనే ఇంకో రెండు మాటలన్నాడు. తనకిక నలుపూ తెలుపూ లేవన్నది ఒకటి. వాషింగ్టన్ వేదిక మీదున్న నల్లవాళ్ళలో తన స్నేహితుల్లాంటి వాళ్ళు ఒక్కరూ కనిపించలేదు, తన స్నేహితులు సూట్లు వేసుకోరు అన్నది రెండోది.

మొదటి మాట మనకు కొత్త కాదు. "నాకు కులం లేదు" అని మనతో ఎంతమంది అనలేదు! రెండో మాట దగ్గర మాత్రం ఆగాలి.

ఆ రోజు అదే వేదిక మీద, అదే ఎస్‌ఎన్‌సీసీ అధ్యక్షుడు జాన్ లూయిస్ మాట్లాడాడు. 23 ఏళ్ళవాడు. అలబామా పాలేర్ల కుటుంబంలో పుట్టినవాడు. సూటు వేసుకునే మాట్లాడాడు. 1965 మార్చిలో సెల్మా వంతెన మీద పోలీసులు ఆయన పుర్రె పగలగొట్టారు. సూటు ఆయన్ని కాపాడలేదు, మెత్తబరచనూ లేదు. 2011లో మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఆయనకూ వచ్చింది. డిలన్ కన్నా ఏడాది ముందు.

నల్లవాడు మురికివాడని ముద్ర వేసిన దేశంలో ఇస్త్రీ చేసిన సూటు ఒక జవాబు. ఇది అంబేడ్కర్ పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. చండాలుడు శవాల మీది బట్టలే కట్టుకోవాలని మనుస్మృతి రాసింది. గాంధీ 1921లో బట్టలు తగ్గించుకుని కొల్లాయి కట్టాడు, మహాత్ముడన్నారు. బాబాసాహెబ్ సూటు వేసుకున్నాడు, దొర వేషమన్నారు. విప్పేవాడికి అంతకుముందు ఒంటి మీద ఉండాలి కదా!

మన జాషువా సంగతి చూడండి. ఆయన కాలికి చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి తన చేత్తో గండపెండేరం తొడిగాడు. అంటరానివాడని పంక్తిలో కూర్చోనివ్వని లోకంలో, ఆ కవి పాదాన్ని ఒక బ్రాహ్మణ మహాపండితుడు ముట్టుకున్నాడు. ఆ గండపెండేరాన్ని "ఆడంబరం" అని కొట్టేసేవాళ్ళకు ఆ పాదం చరిత్ర తెలీదు.

మా అమ్మ నా డిగ్రీ పట్టాకు ఫ్రేము కట్టించి బాబాసాహెబ్ పటం పక్కన తగిలించింది. ఇంటికొచ్చిన ఒక అభ్యుదయ మిత్రుడు దాన్ని చూసి నవ్వాడు. వాళ్ళింట్లో మూడు తరాల పట్టాలు బీరువాలో పడి ఉంటాయి. గోడకు పెట్టాల్సిన అవసరం ఆయనకు రాలేదు. ఆ అవసరం లేకపోవడాన్ని ఆయన వినయం అనుకుంటున్నాడు.

ఇంకో లెక్కా మిగిలి ఉంది. డిలన్‌కు పేరు తెచ్చిన "బ్లోయింగ్ ఇన్ ది విండ్" బాణీ ఎక్కడిది? "నో మోర్ ఆక్షన్ బ్లాక్" అనే బానిసల పాట నుంచి వచ్చిందని ఆయనే చెప్పాడు. మనుషుల్ని వేలం వేసే బల్ల మీద నిలబడ్డవాళ్ళ పాట అది. దాన్ని కట్టినవాళ్ళ పేర్లు ఏ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ లేవు. పేరు రాయడమనేది మనకు చిన్న విషయం ఎందుకు కాదో ఇక్కడ తెలుస్తుంది.

అవార్డులన్నీ తీసుకోవాలని నేననడం లేదు. మన పిల్లల మీద కేసులు పెట్టిన చేతులే శాలువా కప్పడానికి వస్తే, ఎందుకు వద్దంటున్నామో చెప్పి వద్దనాలి. కానీ డిలన్ వెళ్ళలేదు కాబట్టి మీరూ వెళ్ళకూడదని ఎవరైనా అంటే నమ్మకండి. బంగారు పతకం వస్తే మంచి బట్టలు కట్టుకుని వెళ్ళండి. అమ్మనూ నాన్ననూ ముందు వరసలో కూర్చోబెట్టండి. ఫోటో పెట్టండి, నేను షేర్ చేస్తాను.

జై భీమ్.