తూకానికి అందని గాజులు

ఒకటి వెండి తీగతో అల్లింది. ఇంకొకటి మైనం కరిగిన చోట ఇత్తడి పోసి చేసింది. ఒకటి కరీంనగర్‌ది, ఇంకొకటి ఆదిలాబాద్ అడవులది. రెండింటికీ దేశమంతా పేరుంది. పేరుతోపాటే నకిలీలూ వచ్చాయి. మరి అసలు గాజును గుర్తుపట్టడం ఎలా? అవి పుట్టే చోటికి వెళితే సరి!

‘గ్రాము ఎంత?’

కరీంనగర్‌లో వెండి తీగ గాజును చేతిలోకి తీసుకున్నవాళ్లు మొదట అడిగేది సాధారణంగా ఇదే. అడగడంలో తప్పేం లేదు. వెండైనా బంగారమైనా మనకు తూకమే లెక్క. కాటా మీద పెట్టాలి, ఆ రోజు ధరతో గుణించాలి, తరుగూ మజూరీ దగ్గర కాసేపు బేరమాడాలి. తాతల నాటి పద్ధతి. కానీ ఈ గాజు దగ్గర ఆ లెక్క పారదు. ఎందుకంటే ఇందులో చాలా భాగం ఖాళీయే! తీగకూ తీగకూ మధ్య వెలుతురు. ఆ వెలుతురును అందంగా మిగల్చడానికే పనివాడు రోజుల తరబడి తల వంచుకుని కూర్చుంటాడు. కాటాకు అదేం తెలుసు? దానికి తెలిసిందల్లా వెండే.

అసలు పేచీ అక్కడే మొదలవుతుంది.

కోట నీడలో...

కరీంనగర్ నుంచి సిరిసిల్ల వైపు కాసేపు ప్రయాణిస్తే మానేరు ఒడ్డున గుట్ట మీద ఎలగందుల కోట కనిపిస్తుంది. ఇప్పుడంటే సెలవు రోజున పిల్లాపాపలతో వెళ్లి ఫొటోలు దిగే చోటు. ఒకప్పుడు జిల్లాకు పెద్దదిక్కు ఇదే. 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారాక ఎలగందుల వెనకబడింది. కోటతోపాటు వెనకబడకుండా పట్నానికి వచ్చేసింది మాత్రం ఇక్కడి వెండి తీగ పని. కొనేవాళ్లు ఎక్కడుంటే కంసాలి అక్కడే కదా!

నిజాం కాలంలో ఈ పనికి గిరాకీ నవాబుల ఇళ్లలోనే. తమలపాకులు పెట్టుకునే పాన్‌దాన్, అత్తరు సీసాలు పెట్టే అత్తర్‌దాన్, అతిథుల మీద పన్నీరు చల్లే గులాబ్‌దాన్... అన్నీ వెండి తీగ అల్లికే. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆనాటి పనితనాన్ని ఇప్పటికీ చూడొచ్చు. నవాబులు పోయారు. పన్నీరు చల్లే పెళ్లిళ్లూ తగ్గాయి. పనివాళ్లు కూడా దారి మార్చుకున్నారు. కుంకుమ భరిణెలు, నెమళ్లు, వీణలు, చెవిదుద్దులు, గాజులు చేయడం మొదలుపెట్టారు. 2007లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ దక్కింది. 2023లో ఢిల్లీలో జరిగిన జీ20 సదస్సు ప్రతినిధుల కోసం అశోక చక్రం బ్యాడ్జీలు తయారైందీ కరీంనగర్‌లోనే.

వెంట్రుకంత తీగ

ఒక్క గాజు వెనక ఎంత తతంగం ఉందో చూస్తే బేరమాడ్డానికి నోరు రాదు. ముందు మేలిమి వెండిని కరిగించి కడ్డీ పోస్తారు. దాన్ని కమ్మచ్చులో పెట్టి లాగుతారు. కమ్మచ్చు అంటే వరసగా చిన్నవవుతూ పోయే రంధ్రాలున్న ఉక్కు పలక. పెద్ద రంధ్రంలోంచి లాగిన తీగను దానికంటే చిన్నదాంట్లోంచి, మళ్లీ ఇంకా చిన్నదాంట్లోంచి... అలా లాగి లాగి వెంట్రుకంత సన్నం చేస్తారు. మధ్యమధ్యలో తీగను కాల్చి మెత్తబరచాలి. లేదంటే పుటుక్కున తెగుతుంది.

అలా వచ్చిన రెండు తీగల్ని పురి పెట్టి, నొక్కి చదును చేస్తారు. ఇక్కడే ఉంది కిటుకంతా! పురి పెట్టి నొక్కిన తీగ అంచున చిన్న చిన్న పళ్లలాంటి గీతలు వస్తాయి. వెలుగు పడగానే అవే మెరుస్తాయి. కాస్త మందపాటి తీగతో ముందు చట్రం కడతారు. ఆకో, పువ్వో, మామిడి పిందో. ఆ చట్రం లోపల సన్న తీగను పట్టుకారుతో చుట్టలు చుట్టి, ఒక్కొక్కటీ ఇరికిస్తారు. జిగురు పెట్టడానికి లేదు, మేకు కొట్టడానికి లేదు. తీగకు తీగే ఆసరా. ఆఖర్న వెలిగారం, టంకం పొడి చల్లి మంట ఊదుతారు. టంకం కరగాలి, తీగ కరగకూడదు. రెండింటికీ మధ్య ఉన్న తేడా రెప్పపాటే. ఒక్క క్షణం మంట ఎక్కువైతే రెండు రోజుల పని ముద్దయిపోతుంది. అంతా బాగుంటే పులుసులో వేసి నలుపు వదిలించి, కుంకుడు రసంతో కడుగుతారు. అప్పుడు తేలుతుంది తెల్లని వెండి వల.

ఇప్పుడు అదే డిజైన్‌ను అచ్చులో పోస్తే? గంటలో పదులకొద్దీ గాజులు! దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. బరువు తూస్తే అచ్చు గాజే ఎక్కువ తూగుతుంది. గ్రాముల లెక్కన కొనేవాడికి అదే లాభంగా కనిపిస్తుంది!

అక్కడ రాయి... ఇక్కడ చెయ్యి

అసలూ నకిలీల గొడవ బాగా ఎక్కువగా ఉన్న గాజుల్లో జేడ్ గాజు ఒకటి. చైనా ఆడవాళ్లకు ప్రాణం. ఒకే రాయిని గుండ్రంగా కోసి చేస్తారు. మేలురకం జేడైట్ చాలావరకు మయన్మార్ గనుల నుంచే వెళుతుంది. అక్కడి వ్యాపారులు దాన్ని మూడు రకాలుగా చెబుతారు. రసాయనాలు తగలని సహజమైన రాయి ‘ఏ’ రకం. యాసిడ్‌తో మరకలు తీసి లోపల పాలిమర్ నింపింది ‘బి’. రంగు వేసింది ‘సి’. కంటితో తేల్చడం నిపుణులకే కష్టం. అందుకే ఖరీదైన గాజు కొనేవాళ్లు ల్యాబ్ సర్టిఫికెట్ అడుగుతారు.

మన గాజు సంగతి వేరు. జేడ్‌లో చూడాల్సింది రాయి అసలుదా కాదా అని. కరీంనగర్ గాజులో వెండి అసలుదే అయినా గాజు నకిలీది కావచ్చు! వెండికీ ఆరంకెల హెచ్‌యూఐడీ హాల్‌మార్క్‌ను 2025 సెప్టెంబరులో ఐచ్ఛికంగా మొదలుపెట్టారు. మంచిదే. కానీ ఆ ముద్ర వెండి ఎంత స్వచ్ఛమైందో చెబుతుంది తప్ప, దాన్ని చేత్తో అల్లారో అచ్చులో పోశారో చెప్పదు. అది మన కళ్లే చెప్పాలి. అందుకు ల్యాబ్ అక్కర్లేదు. పది రూపాయల భూతద్దం చాలు.

గోదావరి దాటితే...

వెండి గాజు చూశాక ఇత్తడి గాజు చూడాలంటే ఉత్తరానికి కదలాలి. పెద్దపల్లి, రామగుండం మీదుగా గోదావరి దాటితే మంచిర్యాల. అక్కణ్నుంచి ఆసిఫాబాద్. ఆపైన కెరమెరి. అక్కడ ఘాట్ మొదలవుతుంది. వానలు వెళ్లిన నెలల్లో ఈ దారి చూడాలి... ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మలుపు మలుపుకీ టేకు చెట్లు. కుమురం భీం పోరాడిన జోడేఘాట్ ఈ కొండల్లోనే ఉంది. ఘాట్ ఎక్కి దిగితే జైనూర్. గోండుల మీద పరిశోధన చేసిన హైమన్‌డార్ఫ్ కాపురమున్న మార్లవాయి దాని పక్కనే.

కెరమెరి మండలంలోని కేస్లగూడ, జైనూర్ మండలంలోని ఉషేగావ్... బయటి ప్రపంచానికి పెద్దగా తెలియని ఈ ఊళ్ల పేర్లు డోక్రా బొమ్మలు సేకరించేవాళ్లకు మాత్రం కంఠతా వచ్చు. ఇక్కడి ఓజా కుటుంబాలు తరతరాలుగా చేస్తున్నది ఇత్తడి పోత పనే. గోండులు, కొలాముల దేవతా మూర్తులు, పూజ గంటలు, గజ్జెలు, కడియాలు వీళ్ల చేతుల్లోంచే రావాలి. అంటే ఇది షోకేసు కోసం పుట్టిన కళ కాదు, గుడి కోసం, ఒంటి కోసం పుట్టింది. 2018లో దీనికి ‘ఆదిలాబాద్ డోక్రా’ పేరుతో జీఐ వచ్చింది. విచిత్రమేమిటంటే 2016లో జిల్లాలు విడిపోయాక ఈ రెండు ఊళ్లూ కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వెళ్లాయి. పేరులో మాత్రం ఆదిలాబాద్ అలాగే ఉండిపోయింది!

ఒక మూస... ఒకే కడియం

మట్టిలో ఊక, పేడ కలిపి ముందు లోపలి ఆకారం చేస్తారు. అది ఆరాక దాని మీద మైనం దారాలు చుడతారు. తేనె మైనంలో గుగ్గిలం కలిపి, చిల్లులున్న గొట్టంలోంచి ఒత్తితే అచ్చం మన జంతికల్లాగే సన్నని దారాలు వస్తాయి. ఆ దారాలతోనే గీతలు, చుట్టలు, పూసలు అన్నీ. ఆడవాళ్ల చేయి ఎక్కువగా పడేదిక్కడే. తర్వాత మెత్తని మట్టి, దాని మీద ముతక మట్టి పూసి, చిన్న దారి వదిలి కొలిమిలో పెడతారు. మైనం కరిగిపోతుంది. అది ఖాళీ చేసిన చోటికి మరిగే ఇత్తడి వెళుతుంది. చల్లారాక మట్టిని పగలగొడితే కడియం బయటికొస్తుంది. మొహెంజొదారోలో దొరికిన నాట్యగత్తె బొమ్మను పోసిందీ ఈ పద్ధతిలోనే. అంత పాతది ఈ విద్య.

గమనించారా? మట్టిని పగలగొట్టారు. మైనం ముందే పోయింది. అంటే ఆ మూసతో ఇంకో కడియం రాదు. రెండోది కావాలంటే మొదటి నుంచీ మళ్లీ చుట్టాల్సిందే. అందుకే అసలు డోక్రాలో జత కడియాలు కూడా కవల పిల్లల్లా ఉండవు, అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. షాపులో ఇరవై కడియాలు ఒక్క తేడా లేకుండా కనిపిస్తే... అవి మైనంలో పుట్టినవి కావని అర్థం.

కొనేటప్పుడు ఇవి చూడండి

వెండి తీగ గాజు: వెలుగుకు ఎదురుగా పట్టుకోండి. ఖాళీలన్నీ పూర్తిగా తెరుచుకుని ఉండాలి. కొన్ని చోట్ల పల్చని పొర కనిపిస్తే అచ్చులో పోసినట్టే. భూతద్దంలో సన్న తీగ అంచున పురి గీతలు కనిపించాలి. చట్రం తీగ, లోపలి తీగ వేర్వేరు మందాల్లో ఉండాలి. వెనక్కి తిప్పి చూడండి. చేతి పనైతే వెనక కూడా తీగలు విడివిడిగానే ఉంటాయి. అచ్చుదైతే నున్నగా, మూసుకుపోయినట్టుంటుంది.

డోక్రా కడియం: చుట్టూ వేలితో రాయండి. మైనం దారం గీతలు తగలాలి, అవి అక్కడక్కడా వంకర పోవాలి. రెండు సగాలు కలిపినట్టు నిలువు గీత ఉండకూడదు. బోలుగా ఉన్న బొమ్మ లోపల నల్లని మట్టి ఆనవాళ్లు ఉంటే సంతోషించండి, అది లోపం కాదు.

బిల్లు: లోహం ధర, మజూరీ వేర్వేరుగా రాయమనండి. జీఐ పేరు చెబితే ఏ ఊరి పనివాళ్లు చేశారో అడగండి. చెప్పగలిగినవాళ్లే నమ్మదగినవాళ్లు.

ఇంటికొచ్చాక: తీగ గాజును బ్రష్షుతో, టూత్‌పేస్టుతో రుద్దొద్దు. గోరువెచ్చని కుంకుడు రసంలో ముంచి, ఆరబెట్టి, గాలి తగలని డబ్బాలో పెట్టుకోవాలి. ఇత్తడికి చింతపండు, పొడిబట్ట చాలు.

లెక్క ఎవరికి తప్పుతోంది?

ఇదంతా కొనేవాళ్లు మోసపోకుండా ఉండటానికే అనుకుంటే పొరపాటు. నకిలీ కొన్నవాళ్లకు పోయేది కొంత డబ్బు. పనివాడికి పోయేది మాత్రం వృత్తే. 2025లో కిలో వెండి లక్ష రూపాయలు దాటింది. తీగ లాగడానికి ముందు పెట్టాల్సిన పెట్టుబడి పెరిగింది. గాజు ధరా పెరిగింది. కానీ ఆ పెరిగిన ధర వెండిదే, చేతిది కాదు. ధర ఎక్కువైందని కొనేవాడు బేరమాడితే కోత పడేది మజూరీలోనే. అడవిలోనూ అదే కథ. పాత ఇత్తడి కొనాలి, మైనం కొనాలి, కట్టెలు తేవాలి. వాటిలో తగ్గించేదేం లేదు. తగ్గేది మళ్లీ మజూరీయే. అది చూసి పెరిగిన పిల్లలు కమ్మచ్చు పట్టుకుంటారా? మైనం చుడతారా?

జీఐ గుర్తింపు పేరును కాపాడుతుంది. చేతిని కాపాడాల్సింది కొనేవాళ్లే. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్లేవాళ్లు జైనూర్ వైపూ ఓసారి వెళ్లి రావచ్చు. కరీంనగర్ వెళ్లినవాళ్లు ఎలగందుల కోట చూసి, తిరుగు దారిలో తీగ పని చేసేచోట కాసేపు నిలబడొచ్చు. కొనకపోయినా ఫర్వాలేదు, మంట ఊదడం ఒక్కసారి చూస్తే చాలు.

ఆ తర్వాత గాజు చేతిలోకి తీసుకున్నప్పుడు అడిగే ప్రశ్న దానంతటదే మారుతుంది. ‘గ్రాము ఎంత?’ అని కాదు...

‘ఎన్ని రోజులు పట్టింది?’ అని!