అంటని పట్టు

అసంగత్వం అనగానే మనలో చాలామందికి శుష్కత్వమే స్ఫురిస్తుంది. ఏ బంధమూ హృదయాన్ని తాకకుండా తలుపులు బిగించుకోవడమే వైరాగ్యమని భావిస్తాము. గీత పంచమాధ్యాయంలో భగవానుడు చూపిన ఉపమానం తామరాకు. అది నీటిని విడిచి ఎక్కడికీ పోలేదు. నీటిలోనే పుట్టి, నీటి మీదనే ఉంటూ, తడవక ఉన్నది. ఈ తత్త్వం నాకు గ్రంథపఠనంలో కన్న ఒక పాత వాహనం దగ్గర స్పష్టంగా బోధపడింది.

మా అబ్బాయి చదువు ముగించుకొని, మేముండే ఒహాయో నుండి ఉద్యోగార్థం దూరప్రాంతానికి ప్రయాణమయ్యాడు. వెళ్ళేలోగా, తాను రెండేళ్ళుగా బాగుచేసుకుంటున్న 1972 నాటి షెవ్రొలే పికప్ ట్రక్కుకు వెనుక అద్దం అమర్చాలన్నాడు. పాత రబ్బరు పట్టీ ఎండకు బీటలువారి, వాననీరు దిగి, అద్దం కూర్చునే ఇనుప అంచు తుప్పుపట్టింది. ముందుగా ఆ తుప్పును గీకి, ప్రైమరు, రంగు పూసి ఆరనిచ్చాము. తుప్పు మీద కొత్త పట్టీ వేస్తే అది దోషాన్ని కప్పుతుందే గాని పోగొట్టదు. చిత్తశుద్ధి లేని సాధన గతీ ఇంతే.

పట్టీలో ఒక గాడి అద్దానికి, మరొక గాడి ఇనుప అంచుకు. పట్టీని అద్దానికి తొడిగి, రెండవ గాడిలో చుట్టూ ఒక సన్నని తాడును పొదిగి, దాని కొనలను బండి లోపలికి వదలాలి. సబ్బునీరు పూసి, ఒకరు బయటనుండి అరచేతులతో సమంగా అదమాలి. మరొకరు లోపలనుండి తాడును మెల్లగా లాగాలి. తాడు వచ్చేకొద్దీ రబ్బరు అంచు ఇనుమును దాటి లోపలికి ఒరుగుతుంది. చుట్టు పూర్తయ్యేసరికి అద్దం స్థిరపడుతుంది, తాడు చేతికి వచ్చేస్తుంది. శంకరభగవత్పాదుల ఆత్మబోధలోని చిల్లగింజ జ్ఞప్తికి వచ్చింది. దాని పొడి నీటి మాలిన్యాన్ని తొలగించి, తానూ కనుమరుగవుతుంది.

లోపల వాడు, బయట నేను. "వెళ్ళకురా" అన్న మాట కొన్ని వారాలుగా నా గొంతులోనే ఉన్నది. ఒక మూల పట్టీ మొరాయించింది. "నాన్నా, బలవంతం వద్దు. అంచుకు దెబ్బ తగిలితే అద్దమంతా పలుకులైపోతుంది" అంటూ మళ్ళీ సబ్బునీరు పూశాడు. ఈసారి ఆ మూల సులువుగా ఒదిగింది.

ఆ అమరికలో జిగురు ఒక్క చుక్కయినా లేదు. అద్దం ఇనుమును తాకదు. తాకితే గతుకుల్లో బండి మెలిపడినప్పుడు పగిలిపోతుంది. రెంటి నడుమ ఉన్న మెత్తదనమే వాన చొరకుండా, అద్దం జారకుండా పట్టి ఉంచుతుంది. పట్టు ఉన్నది, అంటు లేదు. ప్రేమ నుండి మమకారాన్ని వేరుచేస్తే మిగిలేది శూన్యం కాదు, ఈ మెత్తదనమే. బిడ్డను నిలబెట్టేవరకు లాగిన తాడు, ఆ పిదప తొలగిరావాలి.

నా గొంతులోని మాట అక్కడే కరిగింది. మరుసటి వారం వాడు ఆ బండిలోనే బయలుదేరాడు. వెనుక అద్దంలోనుండి వాడి తల మలుపు వరకు కనిపించింది.

కొత్త రబ్బరు కూడా కాలక్రమేణా ఎండకు గట్టిపడుతుంది. వాడి ఫోను రాని రోజుల్లో నా మనస్సూ అంతే. కనుక సాధకులారా, విచారణ ఒకనాటితో ముగిసేది కాదు. ఆ మెత్తదనాన్ని నిత్యమూ కాపాడుకోవలసిందే.