క్లమత్ ఒడ్డున నీటి వాటా

కాలిఫోర్నియా ఉత్తర కొసన 101 హైవే మీద వెళ్తుంటే రెడ్‌వుడ్ అడవుల మధ్య పసిఫిక్‌లో కలిసే క్లమత్ నది కనిపిస్తుంది. ఇక్కడ నిలబడితే మనకి గోదావరి గుర్తు రాక మానదు. ఏటికి ఎదురీదే పులస మనకెంతో, యూరోక్ తెగవాళ్లకి సాల్మన్ అంత. తిండే కాదు, వాళ్ల పండగా పబ్బమూ ఆ చేపతోనే.

నదికి ఎగువన బంగాళాదుంపలు, పశుగ్రాసం పండించే రైతులున్నారు. 2001లో కరువొచ్చింది. చేపల కోసమని వాళ్ల కాలువలకి చాలావరకు నీళ్లు ఆపేశారు. చేలు ఎండాయి, రైతులు రోడ్డెక్కారు. మరుసటేడు కాలువలకి నీళ్లొదిలారు. ఆ సెప్టెంబరులో నది సన్నబడింది, నీళ్లు వెచ్చబడ్డాయి. కిక్కిరిసిన చేపలకి మొప్పల రోగం పాకి, 30 వేలకు పైగా చచ్చి తేలాయి.

ఇలాంటి తగువుల్లోనే కంప్యూటర్ నమూనాలు అక్కరకొస్తాయి. ఇంత నీరు వదిలితే నదిలో లోతెంత, వడి ఎంత, పిల్లచేపలు బతికే చోటెంత అని లెక్కకడతాయి. కాలువకి ఇంత తీస్తే ఆ చోటు ఎంత తగ్గుతుందో చెప్తాయి. లోటు ఎవరు భరించాలో మాత్రం చెప్పవు. అది మనుషులు కూచుని తేల్చుకోవాల్సిందే.

2024కల్లా నాలుగు పాత విద్యుత్ డ్యాములు తీసేశారు. ఆ అక్టోబరుకే సాల్మన్ పైనున్న ఆరెగాన్ రాష్ట్రం దాకా ఈదుకెళ్లాయి. దారైతే దొరికింది. కరువేళ నీటి వాటా గొడవ అలాగే ఉంది. చివరి ఆయకట్టు రైతు బాధ మనకి తెలిసిందే కదా! క్లమత్‌లో చివరి ఆయకట్టు ఈ చేపదే.