చలి కబుర్లు, కుంపటి సంగతులు

మంకీ క్యాపులు పెట్టెల్లోంచి బయటికొచ్చాయా? చలికాలం వచ్చిందంటే న్యాల్‌కల్ పేరు టీవీల్లో మోగాల్సిందే. ఆదిలాబాద్ వైపు ఊళ్లతో మన కోహీర్, న్యాల్‌కల్ చలిలో పోటీ పడతాయి. ఈ ఊళ్లున్న జహీరాబాద్ ప్రాంతం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైనే ఉందాయె. పైగా మబ్బులేని రాత్రుల్లో నేల వేడంతా తెల్లారేసరికి ఆకాశం పాలు. ఏడాదంతా పలకని హైదరాబాద్ చుట్టాలు కూడా ఆ వార్త చూసి "ఎట్లున్నరు?" అని ఫోన్ చేస్తారు.

ఇక చలిమంటలు. టీకొట్టు ముందు నలుగురు చేతులు చాపితే చాలు, సర్పంచి ఎన్నికల నుంచి చెరకు ధర దాకా అన్నీ అక్కడే తేలిపోతాయి. ప్రతి గుంపులోనూ మంటలో పాత టైరు వేసే మహానుభావుడు ఒకడుంటాడు, ఆయన్ని కట్టెలు తెమ్మని దూరం పంపండి. చొప్పవాము పక్కన మాత్రం నిప్పు వద్దు. లేచేటప్పుడు నాలుగు చెంబుల నీళ్లు పోసి లేవండి.

అన్నట్టు, వాకిట్లో మంటకన్నా గదిలో కుంపటే ప్రమాదం. పొగ వస్తే మనమే దగ్గుతూ బయటపడతాం. పొగ ఆగి బొగ్గులు కణకణమన్నాకే "ఇక ఫర్వాలేదు" అని తలుపు బిగిస్తాం. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకునేది అప్పుడే. దానికి రంగూ లేదు, వాసనా లేదు. నెత్తుట్లోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టేస్తుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేట్టుండడం దాని గుర్తులు. పడిశమనుకుని ఇంకో దుప్పటి కప్పుకున్నారో, అంతే సంగతులు! వెంటనే మనిషిని బయటిగాలిలోకి తెచ్చి 108కి ఫోన్ చేయాలి. బాలింత మంచం కింద కుంపటి పెట్టే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. అత్తమ్మ అలిగినా సరే, దాన్ని బయటికి తీయండి. పసిబిడ్డకు తల్లి ఒడి, ఓ టోపీ, కాళ్లకు మేజోళ్లు ఉంటే వెచ్చదనానికి లోటుండదు.

గాలాడని స్నానాలగదిలో గ్యాస్ గీజరుదీ ఇదే కథ. బకెట్లో హీటరు రాడ్డు పెట్టి, నీళ్లు కాగాయా అని వేలుముంచి చూసే ధీరులకు ఒక్కటే మాట: ముందు స్విచ్చి ఆపండి.

ఇక నిప్పుల చుట్టూ తిండి లేకపోతే చలికాలమెందుకు? కందికాయలు ఉడుకుతున్నాయి, జొన్న పాలకంకులు కాలుతున్నాయి. భోగినాటి నువ్వులద్దిన సజ్జరొట్టె సంగతి వేరే చెప్పాలా? నైలాన్ చీరకొంగు మాత్రం నడుముకు చెక్కి పొయ్యి దగ్గర కూర్చోండి. చెయ్యి కాలితే టూత్‌పేస్టు జోలికి పోకుండా, 20 నిమిషాలు చల్లటి నీటిధార కింద పెట్టండి.

మంచులో ముంబై హైవే ఎక్కే చెరకు ట్రాక్టరు అన్నలూ, బండి వెనక ఎర్రదీపం వెలుగుతోందో లేదో చూసుకోండి. కందికాయలు ఉడికితే మాకూ కబురు పెట్టండి, వస్తాం. మేమొచ్చేసరికి కుంపటి వాకిట్లో ఉండాలి సుమా!