నెలకు 105 రూపాయలు

2022 ఆగస్టులో ఒక రాత్రి పదిన్నరకు చిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ చిన్నాయన చెయ్యి మెషీన్ల పడ్డదట. నువ్వు జల్ది రా." నేను గచ్చిబౌలిలో ఆఫీసు మీటింగ్‌లో ఉన్నా. ల్యాప్‌టాప్ కూడా మూయకుండా బండి తీశా.

చిన్నాయన పటాన్‌చెరు వైపు ఒక చిన్న ఫ్యాక్టరీలో పవర్ ప్రెస్ మీద పనిచేసేవాడు. రేకు పెట్టాలి, పెడల్ తొక్కాలి, అచ్చు పడిన ముక్క తీయాలి. షిఫ్టంతా ఇదే పని. ఆ రాత్రి ఒక్కసారి చెయ్యి తీయడం ఆలస్యమైంది. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి.

నేను వెళ్లేసరికి ఆస్పత్రిలో కాంట్రాక్టర్ ఉన్నాడు. మా ఊరాయనే. చిన్నాయనను పనిలో పెట్టింది ఆయనే, మా అక్క పెళ్లికి 60,000 అప్పు ఇచ్చిందీ ఆయనే. ఆస్పత్రి బిల్లు 45,000 కూడా తనే కట్టాడు. నేను ఆయన చేతులు పట్టుకుని థాంక్స్ చెప్పా. అది గుర్తొస్తే ఇప్పటికీ ఒకలా ఉంటుంది.

మూడో రోజు ఆయనే ఒక కాగితం తెచ్చాడు. ఇంట్లో మిక్సీ రిపేర్ చేస్తుంటే దెబ్బ తగిలిందని, కంపెనీకి ఏ సంబంధమూ లేదని అందులో ఉంది. కుడిచేతికి కట్టుంది కదా, ఎడమచేతి వేలిముద్ర చాలన్నాడు. చిన్నమ్మ "అద్దాలు ఇంట్ల మర్చిన, రేపు చదివి చెప్త" అంది. ఆమెకు అసలు కళ్లద్దాలే లేవు.

ఆ రాత్రి చిన్నమ్మ బీరువాలోంచి ఒక క్యారీబ్యాగ్ తీసి నా ముందు పెట్టింది. అన్నీ పే స్లిప్పులే. జీతం 14,000. ప్రతి స్లిప్పులోనూ ఒక లైను: ఈఎస్ఐ కోత, 105.

నాకూ పే స్లిప్పు వస్తుంది. చివర్లో ఉన్న మొత్తం తప్ప ఏదీ చూడను. ఆ రోజు మొదటిసారి కూర్చుని లెక్క చదివా. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది. జీతంలో 0.75 శాతం కార్మికుడు, 3.25 శాతం యజమాని కట్టాలి. చిన్నాయన వాటా 105, వాళ్ల వాటా 455. పనిలో దెబ్బ తగిలి ఇంట్లో ఉంటే జీతంలో 90 శాతం ఈఎస్ఐ ఇస్తుంది. అవయవం పోతే, మెడికల్ బోర్డు చెప్పిన శాతాన్ని బట్టి జీవితాంతం నెలనెలా పెన్షన్.

హమ్మయ్య అనుకుని ఫోన్లో చిన్నాయన ఇన్సూరెన్స్ నంబర్‌తో లాగిన్ అయ్యా. 2019 నవంబర్ నుంచి ఎంట్రీలు ఉన్నాయి. 2020 మార్చితో ఆగిపోయాయి. ఆ తర్వాత ఖాళీ. పేజీ లోడ్ కాలేదేమో అని నాలుగుసార్లు రిఫ్రెష్ చేశా.

లాక్‌డౌన్ తర్వాతి స్లిప్పులు 26 ఉన్నాయి. అన్నింటిలో 105 కోసుకున్నారు. ఒక్క రూపాయి కట్టలేదు. రెండు వాటాలూ కలిపి ఒక్క మనిషి మీద మిగుల్చుకున్నది 14,560. ఆ కాంట్రాక్టర్ కింద దాదాపు 40 మంది ఉన్నారు.

2019 సెప్టెంబర్‌లో తెలంగాణ ఇన్సూరెన్స్ మెడికల్ సర్వీసెస్‌లో మందుల కొనుగోళ్ల అక్రమాల కేసు గుర్తుందా? ఏసీబీ ఆ శాఖ డైరెక్టర్‌నే అరెస్టు చేసింది. అప్పుడు ఆ వార్తను నేను కోపంగా మూడు గ్రూపుల్లో ఫార్వర్డ్ చేశా. కోట్ల కుంభకోణం మీద కోపం తెచ్చుకోవడం తేలిక. అక్కడ మనకు తెలిసినవాళ్లెవరూ ఉండరు. 105 రూపాయల దొంగతనం చేసినవాడు మాత్రం మా అక్క పెళ్లిలో వడ్డన చేశాడు.

ఇక్కడే నేను ఒక పిచ్చిపని చేశా. ఆ ఖాళీ పేజీ స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టా. "చూడండి మన ఊరాయన ఘనత" అని కింద ఒక లైను. సాయంత్రానికల్లా అది కాంట్రాక్టర్‌కు చేరింది. ఎవరు పంపారో ఇప్పటికీ తెలీదు. రాత్రికి ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూప్‌లోంచి చిన్నాయనను తీసేశారు. మర్నాడు సూపర్‌వైజర్ హాజరు పుస్తకం పట్టుకుపోయాడని తోటి పనివాళ్లు చెప్పారు. సర్వర్ క్రాష్ అయితే ముందు లాగ్స్ దాచాలని జూనియర్లకు చెప్పేవాణ్ని నేనే. సొంతింట్లో ఆ సంగతి మర్చిపోయా.

అదృష్టం కొద్దీ రెండు మిగిలాయి. గ్రూప్‌లోంచి తీసేసినా పాత మెసేజ్‌లు ఫోన్లో అలాగే ఉంటాయి. "బి షిఫ్ట్, ప్రెస్ నంబర్ 3" అని ఆ రోజు మధ్యాహ్నం సూపర్‌వైజర్ పెట్టిన మెసేజ్‌లో చిన్నాయన పేరుంది. రెండోది ఆస్పత్రి రికార్డు. అడిగిన 72 గంటల్లో పేషెంట్‌కు రికార్డులు ఇవ్వాలని నిబంధన ఉంది. రాసిచ్చి తెచ్చుకున్నా. ఎమర్జెన్సీ షీట్‌లో "ఫ్యాక్టరీ ప్రెస్ మెషీన్‌లో చెయ్యి నలిగింది" అని ఉంది. చెప్పింది ఎవరు? పక్కన కాంట్రాక్టర్ సంతకం. ఆ కంగారులో ఆయన నిజమే చెప్పాడు. అబద్ధం మూడో రోజుకు తయారైంది.

ఆదివారం ఆయన పండ్లు పట్టుకుని ఇంటికొచ్చాడు. రెండు లక్షల నగదు ఇస్తానన్నాడు. పెళ్లి అప్పు కూడా మాఫీ. నేను లోపలికెళ్లి ఎక్సెల్ తీశా. చట్టం షెడ్యూల్‌లో ఒక చేతి రెండు వేళ్లు పోతే 20 శాతం నష్టం. ఆ లెక్కన పెన్షన్ నెలకు సుమారు 2,500. చిన్నాయనకు అప్పుడు 44 ఏళ్లు. ఏడేళ్లు తిరక్కుండానే రెండు లక్షలు దాటుతుంది.

చిన్నాయన నా ల్యాప్‌టాప్ వైపు చూడనేలేదు. "లెక్క నాకెరుకే రా. రేపు ఊరికి పోతే ఆయన ఇంటి ముంగట నుంచే నడవాలె" అన్నాడు. తీసుకుందామనే ఉంది ఆయనకు. నాకు కోపం వచ్చింది కానీ, నేను ఏడాదికి రెండుసార్లు ఊరికి పోతా. ఆయన బంధువులు, పొలం, చావులు, పెళ్లిళ్లు అన్నీ అక్కడే.

తేల్చింది చిన్నమ్మ. "పైసలు తీసుకుంటె ఇంట్ల తెగినయని ముద్ర వెయ్యాలె. ఇంట్ల ఎవలు నరికిన్రని చెప్పాలె? నేనా?" కాంట్రాక్టర్ నవ్వబోయి ఆగిపోయాడు. పండ్లు కూడా వెనక్కిచ్చి పంపింది.

ఫిర్యాదు ఇంగ్లిష్‌లో నాలుగు పేజీలు రాశా. ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసులో ఒక మేడమ్ చూసి, "బాబూ, తిట్లు తీసేసి తేదీలు రాయి" అన్నారు. ఒక్క పేజీకి కుదించా. ఏ రోజు, ఏ షిఫ్టు, ఏ మెషీన్, ఏ నెల నుంచి కోత, ఏ నెల నుంచి ఎంట్రీ లేదు. వెనక జిరాక్సులు. అదే కాపీ సీపీగ్రామ్స్ పోర్టల్‌లోనూ పెట్టా. కాంట్రాక్టర్ కట్టకపోయినా బాధ్యత ముందుగా ఫ్యాక్టరీ యజమానిదేనని, డబ్బు కట్టనంత మాత్రాన గాయపడినవాడి హక్కు పోదని అక్కడే తెలిసింది. జీతంలో కోసుకుని కట్టకపోతే కనీసం ఏడాది జైలు అని అప్పటి ఈఎస్ఐ చట్టంలో ఉంది. ఈ సంగతి ఆ 40 మందిలో ఒక్కరికీ తెలీదు.

ఆఫీసు బయట టీ కొట్టు దగ్గర ఒకాయన తగులుకున్నాడు. 10,000 ఇస్తే ఫైల్ పరిగెత్తిస్తానన్నాడు. నిజం చెప్తున్నా, పర్సు మీదికి చెయ్యి పోయింది. సెలవులు అయిపోతున్నాయి, మేనేజర్ మెసేజ్‌లు. "మనం ఫిర్యాదు చేసిందే దొంగ పైసల మీద గదరా" అన్నాడు చిన్నాయన. సిగ్గేసింది.

ఇన్‌స్పెక్షన్‌కు అధికారి వచ్చినప్పుడు సాక్ష్యం చెప్పింది ఒకే ఒక్కడు. పక్క ప్రెస్ మీద పనిచేసే బిహార్ కుర్రాడు, 22 ఏళ్లు ఉంటాయేమో. ఆ రాత్రి తెగిన వేళ్లను ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ఆస్పత్రికి తెచ్చింది వాడే. ఊరివాళ్లు, చుట్టాలు అందరూ "మేం చూడలేదు" అన్నారు.

పద్నాలుగు నెలలు పట్టింది. పనిలో జరిగిన ప్రమాదమేనని ఒప్పుకున్నారు. మెడికల్ బోర్డు 20 శాతం రాసింది. పాత నెలల బకాయి కలిపి చిన్నాయన ఖాతాలో పడింది. ఫ్యాక్టరీ యజమాని అందరి బకాయిలూ కట్టాడు. కాంట్రాక్టర్ ఇప్పుడు వేరే పేరుతో మనుషుల్ని పెడుతున్నాడని విన్నా.

సాక్ష్యం చెప్పిన కుర్రాణ్ని మాత్రం వారంలోనే పనిలోంచి తీసేశారు. నేను ఫోన్ చేస్తే "కోయీ బాత్ నహీ భయ్యా" అన్నాడు. తర్వాత ఆ నంబర్ ఆగిపోయింది. నేను పెట్టిన మెసేజ్‌కు ఇప్పటికీ ఒకే టిక్. ఫిర్యాదు రాసేటప్పుడు మా ఇంటికి ఏమవుతుందో ఆలోచించా. వాడికి ఏమవుతుందో ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. మా పెన్షన్ పడ్డ ప్రతిసారీ వాడే గుర్తొస్తాడు. మళ్లీ ఇలాంటి పని చేయాల్సి వస్తే సాక్షిని ఎలా కాపాడాలన్నది ముందు చూస్తా, కాగితాల సంగతి తర్వాత.

చిన్నాయన ఇప్పుడు ఒక అపార్ట్‌మెంట్‌లో ఏజెన్సీ ద్వారా వాచ్‌మన్. కిందటి నెల చందా ఈ నెల 15 లోపు కట్టాలి. అందుకే ప్రతి నెలా 16న నాకు ఫోన్ చేస్తాడు. "చూడురా, కట్టిన్రా?" నేను చూసి చెప్తా. పక్క బిల్డింగ్ వాచ్‌మన్లు కూడా ఇప్పుడు తమ నంబర్లు ఆయనకే ఇస్తున్నారు.

మీ నాన్నో, మామయ్యో, మీ ఆఫీసు గేటు దగ్గర అన్నో ఉంటే ఒకసారి పే స్లిప్పు అడగండి. కోత ఉందా, ఎంట్రీ ఉందా చూడండి. ఐదు నిమిషాల పని. దెబ్బ తగలకముందే చూడండి. లేకపోతే మాత్రం, స్క్రీన్‌షాట్ ముందు దాచుకోండి. గ్రూప్‌లో పెట్టకండి.